పంతులుగారి మెదడు, సుందరమ్మ పొగ

ఈ లోకంలో ఉచిత ఆరోగ్య సలహాను మించిన దానం లేదని నేను బల్లగుద్ది చెబుతున్నాను. అన్నం పెడితే మళ్ళీ సాయంత్రానికి ఆకలవుతుంది. బట్ట ఇస్తే ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. సలహా అరగదు, చిరగదు, ఎంతమందికి పంచినా పంచినవాడి దగ్గర రవ్వంత తగ్గదు!

డాక్టరు ఫీజు అడుగుతాడు. హకీము పథ్యం పెట్టి ప్రాణం తోడేస్తాడు. మరి సలహాదారుడో? మీరు అడక్కముందే మీ గుమ్మంలో నిలబడి, మీ నాడి పట్టకుండా, నాలుక చూడకుండా, మీ రోగం పేరు చెప్పి, దాని మూలం చెప్పి, మీ ఇంట్లో చాయ్ తాగి వెళ్ళిపోతాడు. అలాంటి మహానుభావుణ్ణి దూరం నుంచి చూసి కొందరు పెరటి దారిన పారిపోతారేమిటి? కృతఘ్నత కాకపోతే!

అందులోనూ ఇది సైన్సు కాలం. యుద్ధం పుణ్యమా అని గాసునూనె దొరకడం లేదు, చక్కెర దొరకడం లేదు. సైన్సు మాత్రం ఏ కంట్రోలూ లేకుండా కావలసినంత దొరుకుతోంది. ముఖ్యంగా మెదడు సైన్సు. మన తలకాయలో ఇంత సరుకు ఉందని మన తాతలకు తెలుసా? పాపం, తెలియకుండానే బతికేశారు.

నా మాట నమ్మకపోతే మేడ్చలుకు రండి. స్టేషనులో దిగి, చర్చి పక్కన పెంకుటిల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆ ఇంటి సుందరమ్మను మించిన అదృష్టవంతురాలు ఈ తాలూకాలో లేదు. అందరికీ సలహాదారుడు గుమ్మం దాకా వస్తాడు. సుందరమ్మకు ఏకంగా తాళి కట్టి ఇంట్లోనే కూర్చున్నాడు!

ఆయనే దేవసహాయం పంతులుగారు. చర్చి బళ్ళో పిల్లలకు చదువు చెబుతారు. సికింద్రాబాదు రైల్లో నెలకోసారి ఆయనకు ఒక పత్రిక వస్తుంది. దాని అసలు పేరు పంతులుగారికే తెలుసు. ఆయన తల్లి ఎలీషమ్మ అవ్వ మాత్రం దాన్ని దిమాకు పుస్తకం అంటుంది. మెదడుకు ఏం తినాలి, ఎటు తిరిగి పడుకోవాలి, ఎప్పుడు ఆలోచించాలి, ఎప్పుడు మానుకోవాలి, అన్నీ అందులో ఉంటాయి. పత్రిక వచ్చిన వారం పంతులుగారి ఇంటి ముందు నుంచి వెళ్ళడానికి మేడ్చలులో పోస్టు బంట్రోతు కూడా జంకేవాడు.

ఇక సుందరమ్మ సంగతి. ఆమెకు తలనొప్పి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మొదలైంది. పొద్దున లేచినప్పుడు హాయిగానే ఉండేది. వంట మొదలెట్టాక కణతల దగ్గర పట్టుకునేది. పొద్దు వాలేసరికి దీపం వెలుగు కూడా కంట్లో గుచ్చుకునేది.

ఆ వంటిల్లు చూస్తే మీకే తెలుస్తుంది. తల వంచుకుని లోపలికి పోవాలి. ఒక్కటే తలుపు. కిటికీ అన్న మాటే లేదు. పొయ్యిలో తుమ్మకట్టెలు, అవి లేకపోతే పిడకలు. పొయ్యి రాజేయగానే పొగకు బయటికి దారి తెలియక, నాలుగు మూలలూ వెతికి వెతికి, చివరికి సుందరమ్మ కళ్ళల్లో కూర్చునేది.

ఆమె అడిగింది ఒక్కటే.

"గీ గోడకొక కిటికి పెట్టిపియ్యుండ్రి. గంతే. ఇంకేం అడుగ."

వంటింటికి మిగిలిన గోడల్లో ఒకటి పక్కింటివాళ్ళది. ఇంకోటి పడగ్గదిది. తెరవడానికి వీలైన గోడ ఆమె చూపిందొక్కటే. దానికి అవతల వరండా. వరండాలో పంతులుగారి బల్ల, కుర్చీ, బల్ల మీద పత్రిక.

పంతులుగారు ఈ విషయాన్ని సైంటిఫిక్కుగా పరిశీలించి జవాబు చెప్పారు.

"కిటికి పెడితే పొగంత నా బల్ల మీదికొస్తది సుందరా. నేను మెదడుతోని పని జేసేటోన్ని. పొగ మెదడుకు మంచిది గాదు."

సుందరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మరి నాకో?"

"నీకు నెర్వులు వీకు," అన్నారు పంతులుగారు.

చూశారా! ఏ పట్నం డాక్టరు ఇంత తొందరగా కనిపెట్టగలడు? ఒక మనిషికి పొగ వల్ల ఏమవుతుందో, ఇంకో మనిషికి ఏమీ కాదో అరక్షణంలో తేల్చేశారు!

రోగం పేరు తెలిశాక వైద్యానికి ఏం తక్కువ? మొదట మంచులో నడక. తెల్లవారుజామున చెప్పుల్లేకుండా గడ్డి మీద నడిస్తే చలువ అరికాలి నుంచి నెర్వుల ద్వారా మెదడుకు ఎక్కుతుందట. సుందరమ్మ నడిచింది. మెదడుకు చలువ ఎక్కిందో లేదో గానీ, కాలికి తుమ్మముల్లు ఎక్కింది. నాలుగు రోజులు కుంటుకుంటూనే వంట చేసింది. ఆ నాలుగు రోజులూ ఆమె తలనొప్పి మాట ఎత్తలేదు గనుక వైద్యం పనిచేసిందని పంతులుగారు నిర్ధారించారు.

తరువాత కుడివైపు తిరిగి పడుకోవడం. కుడివైపు తిరిగితే అత్తగారి గురక. ఆ గురకకు నిద్ర పట్టదు. నిద్ర పట్టనివాళ్ళకు మెదడు బలహీనమని పత్రికలో ముందే రాశారు. సైన్సు ఎంత కచ్చితమైనదో!

వీటన్నిటినీ తలదన్నే వైద్యం ప్రాణవాయువు. మెదడుకు కావలసింది గాలి. మనుషులు పనిచేస్తూ పైపైన గాలి పీలుస్తారు, అందుకే మెదడు మొద్దుబారుతుంది. కనుక పని చేస్తున్నంతసేపూ గుండెల నిండా గాలి పీల్చాలి. పంతులుగారు వంటింటి గుమ్మం బయట నిలబడి, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, పొయ్యి ముందు కూర్చున్న సుందరమ్మకు ఈ సంగతి బోధించారు.

"పీల్చు! ఇంక పీల్చు! ఆగు, ఇగ వదులు!"

సుందరమ్మ పీల్చింది. వదలడానికి మాత్రం ఆమె ప్రయత్నించనక్కర్లేకపోయింది. దగ్గు దానంతటదే వదిలించింది. చారు పొయ్యిలో ఒలికింది. లోపలున్న చెడుగాలి బయటికి పోతోందని, ఇది శుభసూచన అని, రేపు కూడా చేయమని చెప్పి పంతులుగారు స్వచ్ఛమైన గాలికోసం వరండాలోకి వెళ్ళిపోయారు.

అన్నట్టు, నమిలే సైన్సు గురించి చెప్పలేదు కదూ! దవడ కదిలితే మెదడుకు రక్తం పారుతుందట. అందుకని నోట్లో ఎన్ని పళ్ళుంటే ముద్దను అన్నిసార్లు నమలాలి. నమిలేటప్పుడు మాట్లాడకూడదు. ఆ ఇంట్లో భోజనాలు మౌనప్రార్థనలా తయారయ్యాయి. పంతులుగారు కళ్ళు మూసుకుని నమిలేవారు. ఎలీషమ్మ అవ్వకు ఉన్నవి రెండే పళ్ళు. ఆమె టకటకా ముద్దలు మింగేసి, అందరికంటే ముందు గిన్నె దగ్గరికి జరిగి, పులుసు ముక్కలన్నీ తానే వేసుకునేది.

"నీ దిమాకు పుస్తకం మస్తుగుంది కొడుకా," అనేది మూతి తుడుచుకుంటూ. "గిన్నేండ్ల సంది ఎందుకు తెప్పియ్యలే?"

సుందరమ్మకు భోజనాల దగ్గరే కిటికీ మాట ఎత్తడం అలవాటు. మిగతా వేళల్లో ఆయన బడిలోనో, పత్రికలోనో ఉంటారు. ఇప్పుడు భోజనాల దగ్గర మాటే బంద్! సైన్సు ఎంత ముందుచూపుతో పనిచేస్తుందో గమనించండి.

ఆ తరువాతి నెల పత్రికలో చేప వచ్చింది. చేపలో ఫాస్ఫరస్ ఉందని, మెదడు కూడా ఫాస్ఫరసే గనుక చేప తిన్నవాడి మెదడు దీపంలా వెలుగుతుందని రాశారు. శామీర్‌పేట చెరువు నుంచి తట్టతో చేపలు తెచ్చే గంగమ్మను పంతులుగారు వాకిట్లో ఆపి ఈ శుభవార్త చెప్పారు. గంగమ్మ తట్ట దించి నోరు తెరుచుకుని విన్నది.

"మా ఇంట్ల పుట్టినకాడికెల్లి చాపలే తింటం పంతులూ! గంత దిమాకుంటే గీ ఎండల తట్ట నెత్తిన పెట్టుకోని మేడ్చల్ దాంక ఎందుకు నడుస్త? బండెక్కి వద్దును గద!"

పంతులుగారు నవ్వి, ఫాస్ఫరస్ అంతా తలకాయలోనే ఉంటుందని విడమరిచి చెప్పారు. ఆ రోజు నుంచి చేప తలకాయ పంతులుగారి కంచంలోకి, తోక సుందరమ్మ కంచంలోకి పోయాయి. తలతో పనిచేసేవాళ్ళకు తల. న్యాయమే కదా! ఆ చేప వేయించడానికి పొయ్యి ముందు ఇంకాసేపు కూర్చున్నది మాత్రం తోక తినేవాళ్ళే.

వెళ్ళేముందు గంగమ్మ వంటింట్లోకి తొంగి చూసి, చప్పున వెనక్కి జరిగింది.

"అమ్మో! గిదేంది పంతులమ్మా, గింత పొగల ఎట్లుంటున్నవే?"

"నాకు నెర్వులు వీకు గంగమ్మా," అన్నది సుందరమ్మ. గంగమ్మకు నెర్వులంటే ఏమిటో తెలియక, పాపం, అదేదో పెద్ద జబ్బనుకుని నాలుగు చిన్న చేపలు ఊరికే వేసి వెళ్ళింది.

ఇలా ఆరోగ్యం రోజురోజుకూ వర్ధిల్లుతూ ఉండగా కోత పండుగ వచ్చింది. కొత్త పంటలో కొంత చర్చికి తెచ్చి దేవునికి అర్పించే పండుగ. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కుటుంబాలన్నీ వస్తాయి. ఆరాధన అయ్యాక పంతులుగారు "మెదడు, దాని మేత" అని లెక్చరు ఇస్తారని పాస్టరు మోషే అయ్యగారు ముందు ఆదివారమే చర్చిలో చెప్పేశారు. అయ్యగారు మంచి మనిషి. ఎవరు ఏమడిగినా కాదనలేరు. ఆ లెక్చరుకు ఒప్పుకోవడమే అందుకు సాక్ష్యం.

ఒట్టి లెక్చరు కాదు, డెమాన్‌స్ట్రేషను! పంతులుగారు సభకు 'మెదడు అన్నం' చూపిస్తానన్నారు. గంజి వారిస్తే మెదడుకు కావలసిన విటమిను గంజితోపాటు పోతుందట. ఇన్నేళ్ళూ ఆ గంజి తాగింది పక్కింటి బర్రె. ఆ లెక్కన మేడ్చలు మొత్తానికి చురుకైన మెదడు ఎవరిదో మీరే ఆలోచించండి. మెదడు అన్నానికి దంపుడు బియ్యం కావాలి, గంజి వార్చకూడదు, మూత తీయకూడదు, మంట బాగా సన్నగా ఉండాలి.

పండుగ రోజు పొద్దున. నాలుగు రోజులుగా ముసురు. కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. సుందరమ్మ బియ్యం కడిగి ఎసట్లో పోసి గుమ్మంలోకి వచ్చింది.

"మంట ఎంతుండాల్నో మీ సైన్సుకే ఎర్క. నాకేం తెలుస్తది? నేనేమన్న తప్పు జేస్తే గంతమందిల మీ ఇజ్జత్ పోతది. జర గీ పీట మీద కూసోని జెప్పుండ్రి."

ఆమె పీట పొయ్యికి దగ్గరగా వేసింది. నిజం చెప్పాలంటే ఆమె మనసులో పెద్ద పన్నాగమేమీ లేదు. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఆ గది గడప దాటి లోపలికి రాలేదు. ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది, అంతే. అలా అనిపించినందుకు ఆమెకే కాస్త సిగ్గు కూడా వేసింది.

ఇజ్జత్ మాట వినగానే పంతులుగారు లోపలికి వచ్చి కూర్చున్నారు.

"మంట తగ్గించు," అన్నారు. తగ్గించింది. తడికట్టెకు మంట తగ్గిస్తే ఏం వస్తుందో మీకు తెలుసు.

"తలుపు తెర్వు."

"తెరిసే ఉంది."

"ఇంక ఎంతసేపు?"

"మూత తియ్యొద్దంటిరి గద. తియ్యకుంట ఎట్ల సూసేది?"

పంతులుగారి కళ్ళ నుంచి ధారలు కట్టాయి. ముక్కు కారింది. దగ్గు మొదలై ఆగలేదు. లేచిపోదామంటే మంట పెద్దదై అన్నం మాడితే డెమాన్‌స్ట్రేషను పాడవుతుంది. కూర్చుందామంటే ప్రాణం పోతోంది.

"గుండెల నిండ గాలి పీల్చుండ్రి," అన్నది సుందరమ్మ. ఆమె వెక్కిరించలేదు. ఆ సమయంలో ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే.

పంతులుగారు పీల్చారు. ఆ తరువాత కాసేపు ఆయన మాట్లాడే స్థితిలో లేరు. తేరుకున్నాక, పొగలో మసకగా కనిపిస్తున్న భార్యను చూసి అడిగారు.

"గీన్ల నువ్వు ఎట్ల కూసుంటవే?"

"దినాం కూసున్నట్టే," అన్నది సుందరమ్మ, గొట్టంతో పొయ్యి ఊదుతూ.

అన్నం ఉడికింది. దాంతోపాటు పంతులుగారి మెదడు కూడా ఉడికింది. చర్చికి వెళ్ళేసరికి ఆయన కళ్ళు చింతనిప్పులు. కణతలు రెండు చేతులతో నొక్కుకుంటూ లెక్చరుకు లేచారు. "మెదడు..." అన్నారు. ఆ తరువాత మాట గుర్తు రాలేదు. కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

మోషే అయ్యగారు చలించిపోయారు. "ప్రభువు పంతులును ముట్టుకున్నడు," అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి కొందరు కళ్ళు ఒత్తుకున్నారు. పంతులుగారు పశ్చాత్తాపపడుతున్నారని, తప్పు ఒప్పుకుని సాక్ష్యం చెప్పబోతున్నారని చర్చి అంతా ఊపిరి బిగబట్టింది.

"అయ్యో, తలకాయ పగుల్తాంది!" అన్నారు పంతులుగారు.

అంతే! ఆ చర్చిలో పంతులుగారి దగ్గర ఉచిత సలహా తీసుకోనివాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరి దగ్గరున్నది వాళ్ళు తిరిగి ఇచ్చేశారు.

"నెర్వులు వీకైనయేమో పంతులూ, మంచుల నడువు!" అన్నాడు ముందు వరుసలో ఒక పెద్దాయన.

"కుడిదిక్కు తిరిగి పండాలె. గట్లనే జెప్పినవు గద నాకు!"

"చాప తలకాయ తిను సారూ!"

"మంచిగ నమలు కొడుకా!" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఎలీషమ్మ అవ్వ.

పంతులుగారికి ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద గుద్దారు. మెదడు అన్నం గిన్నె ఎగిరిపడింది.

"నెర్వులు గాదు, పాడు గాదు! పొగ! వంటింట్ల పొగ! ఆడ కిటికి లేదు! గా పొగల మనిషన్నోడు కూసుంటడా? జర కూసుంటేనే తల పగిలిపోతాందంటే ఇనరేంది!"

చర్చిలో ఒక్కొక్క తలా ఆడవాళ్ళ వైపు, మూడో వరుసలో చాప మీద కూర్చున్న సుందరమ్మ వైపు తిరిగింది. తానేమన్నారో పంతులుగారికి అప్పుడు వినిపించింది. ఎగిరిపడిన మెదడు అన్నం గిన్నెను రెండు చేతులా సర్దిపెట్టారు.

సుందరమ్మ పాటలు పాడటానికి తప్ప చర్చిలో ఏనాడూ నోరు విప్పి ఎరుగదు. అయినా కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"అయ్యగారూ, పంతులు సాక్ష్యం చెప్పిండ్రు. అందరు ఇన్నరు. ఇగ గా గోడకు కిటికి పెట్టిపిస్తరా?"

"ఆమేన్!" అన్నది ఎలీషమ్మ అవ్వ, ఉన్న రెండు పళ్ళూ కనిపించేలా.

అవ్వ ఆమేన్ అంటే అలవాటు కొద్దీ చర్చి అంతా ఆమేన్ అన్నది. మోషే అయ్యగారు కూడా అన్నారు. చర్చి అంతా ఆమేన్ అన్న పనిని ఇక ఏ సైన్సు ఆపుతుంది?

మర్నాడే పర్వతాలు అనే మేస్త్రీ గునపంతో వచ్చి గోడకు కన్నం కొట్టి చట్రం బిగించాడు. పొగ మొదటిసారి ఆ ఇంటి బయటికి దారి కనుక్కుని వరండాలోకి వెళ్ళింది. పంతులుగారి బల్ల వరండాలో వీధి వైపు కొసకు జరిగింది. ఆ సాయంత్రం పొద్దు వాలాక సుందరమ్మ కణతలు ముట్టుకుని చూసుకుంది. ఏమీ లేదు. మళ్ళీ నొక్కి చూసుకుంది. ఏమీ లేదు. గడప మీద కూర్చుని, ఎందుకో తెలియకుండా, పొగ లేకుండానే కాసేపు ఏడ్చింది.

ఇక్కడితో కథ అయిపోతే సైన్సుకు అన్యాయం జరిగినట్టే. రెండు నెలలు గడిచాక ఆ నెల పత్రిక వచ్చింది. పంతులుగారు దాన్ని విప్పుతూనే "సుందరా!" అని కేక పెట్టి, కొత్త కిటికీ దగ్గర నిలబడి గొంతెత్తి చదివారు. "వంటింటి పొగ మెదడుకు శత్రువు: ఒక స్వానుభవం. రచన, మేడ్చలు దేవసహాయం." పొగ వల్ల కణతలు ఎలా పగులుతాయో, కళ్ళు ఎలా మండుతాయో, దీపం వెలుగు ఎలా గుచ్చుకుంటుందో చదువుతుంటే రాతి గుండె కూడా కరుగుతుంది.

సుందరమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి శ్రద్ధగా విన్నది.

"మంచిగ రాసిండ్రు. ఎవలి అనుభవమండి గది?"

"నాదే!"

"అయ్యో! గంత బాధ ఎన్ని దినాలు పడ్డరు?"

పంతులుగారు పేజీ తిప్పారు.

అందుకే, నేను మొదట చెప్పిన మాట మీదే ఉన్నాను. ఉచిత ఆరోగ్య సలహా మహాదానం. ఇచ్చేవాడు మీ గుమ్మంలోకి వస్తే పెరటి దారిన పారిపోకండి, అది మర్యాద కాదు. నవ్వుతూ లోపలికి పిలవండి. ఆయన సలహా పూర్తయ్యేదాకా కూర్చోవడానికి ఒక పీట వేయండి. పొయ్యికి కాస్త దగ్గరగా.